నెగడు సాధనకు కొత్త చోటు: తోపులోనే ఉందామా, చెరువు ఒడ్డుకు పోదామా?

సంధ్యాదీపం (నిర్వహణ):
అందరికీ నమస్కారం. పొద్దుగూకినప్పటి నుంచి తెల్లవారేదాకా నెగడు చుట్టూ గుండ్రంగా కూర్చుని డప్పు, నామజపం, మౌనంతో నడిపే మన నెగడు సాధనకు తోపు చాలడం లేదు. ఇప్పుడు 120 మంది దాకా వస్తున్నారు, చెట్ల మధ్య ఖాళీ మాత్రం 9 మీటర్ల వెడల్పే. మూడు ప్రతిపాదనలున్నాయి: తోపులోనే సర్దుకోవడం, చెరువు ఒడ్డు పల్లంలోని బయలు, గుట్ట మీది చదును. ఏది కావాలో, ఎందుకో వివరంగా రాయండి. ఊరికే 'బాగుంటుంది', 'వద్దు' అంటే ఏ నిర్ణయానికీ రాలేం.

నిప్పుకాపరి:
చెరువు ఒడ్డే. తోపును వదలాల్సిందే. అక్కడ నేల మీద జానెడు మందాన కుళ్ళిన ఆకు పేరుకుపోయి ఉంది. అలాంటి చోట నెగడు వేస్తే పైన మంట ఆరినా లోపల నిప్పు వేళ్ళను పట్టుకుని పాకుతుంది. పొగ కూడా సరిగా కనబడదు. రోజుల తర్వాత ఎక్కడో పక్కన పైకి లేస్తుంది. తోపులోనే వేయాలంటే ఇసుకో ఎర్రమట్టో తగిలేదాకా తవ్వాలి, గుంట చుట్టూ మూడు మీటర్ల మేర ఆకంతా ఊడ్చాలి.

ఇక పైన కొమ్మలు. మంట ఎత్తుకు మూడింతల ఖాళీ ఉండాలన్నది నేను పాటించే లెక్క, తోపులో ఇప్పుడది లేదు. సంకల్పం రాసి నిప్పులో వేసే కాగితాలు చూశారుగా? పూర్తిగా కాలకముందే వేడిగాలికి లేచి, అంచు ఎర్రగా మెరుస్తూనే కొమ్మల్లోకి పోతాయి. చిన్నగా మడిచి కట్టెల అడుగున దూర్చమని చెప్పినా పైనుంచి విసిరేవాళ్ళే ఎక్కువ.

గుట్ట సంగతి ఆలోచించక్కర్లేదు. వాలు మీద ఎండుగడ్డి అంటుకుంటే మంట ఎగువకు పరుగెడుతుంది, వాలు పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా దాని వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది. పైగా నీళ్ళు మోసుకెళ్ళాలి.

ఒకే షరతు: చెరువు ఒడ్డున దొరికే రాళ్ళు నెగడు చుట్టూ పేర్చొద్దు. నీళ్ళు పీల్చుకున్న రాయి సెగ తగిలితే లోపలి నీరు ఆవిరై పగులుతుంది. ముక్కలు ముఖాన పడతాయి.

తోపువాసి:
చెరువు రాళ్ళు పెట్టమని ఎవరడిగారండీ? తోపులో మన వలయపు రాళ్ళున్నాయి. ఏళ్ళ తరబడి కాలినవి, ఒక్కటీ పేలలేదు. సాధనకు వచ్చినవాళ్ళు ఒక్కొక్కరూ తెచ్చి పెట్టినవి. చోటు మారితే వాటి గతేమిటో ముందు చెప్పండి.

పల్లంలో పొగ ఏమవుతుందో కూడా చెప్పండి. గాలి లేని రాత్రి చల్లగాలి వాలు వెంట జారి పల్లంలో నిలుస్తుంది. పైన వెచ్చగా, కింద చల్లగా ఉండేసరికి పొగ పైకి పోదు, మనిషి ఎత్తులో దుప్పటిలా పరుచుకుంటుంది. తోపు నేల కాస్త ఎత్తు, అక్కడ ఈ బాధ లేదు.

లయ:
పల్లంలో మంచు కూడా ఎక్కువ. డప్పు తోలు అర్ధరాత్రికే మెత్తబడిపోతుంది. దాన్ని మాటిమాటికీ నిప్పుకు కాచుకుంటూ కూర్చోవాలి.

నిప్పుకాపరి:
తోపువాసి గారూ, ఇన్నాళ్ళూ పేలలేదు కాబట్టి ఇక పేలవంటే ఎలా? కాలిన రాయి లోపల సన్నటి పగుళ్ళు పడతాయి. వానాకాలమంతా బయట తడిస్తే ఆ పగుళ్ళలోకే నీరు చేరుతుంది. ఇసుకరాయి అయితే మరీ. తొలి మంట పెద్దదిగా వేశారంటే ప్రమాదమే.

అసలు నెగడుకు రాళ్ళెందుకు? 20 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, తీసిన మట్టితో చుట్టూ చిన్న గట్టు పోస్తే చాలు. మూరెడెత్తు రాళ్ళ వరస నిప్పుల సెగను కింద అడ్డుకుంటుంది. ముఖాలు కాలుతుంటాయి, పాదాలు కొంకర్లు పోతుంటాయి.

తోపువాసి:
మూరెడెత్తు అని నేనెక్కడ అన్నాను? మన రాళ్ళు జానెడు కూడా ఉండవు. లేనిదాన్ని కల్పించి వాదించకండి.

మౌని:
రాళ్ళ గురించి ఎంతసేపండీ! చీకట్లో 120 మంది మరుగుదొడ్డికి ఏ దారిన పోవాలి? 50 మందికి ఒకటి చొప్పున పెట్టినా కనీసం మూడు కావాలి. చెరువు ఒడ్డయితే నీటికి దూరంగా, మురుగు చెరువు వైపు పారకుండా పెట్టాలి. ఎవరూ మాట్లాడరే.

చిరుగాలి:
పొగ గురించి ఒక మాట. ఉబ్బసం ఉన్నవాళ్ళకు ఎత్తా పల్లమా అన్నదాని కంటే కట్టె సంగతి ముఖ్యం. పచ్చి కట్టె వేడిలో కొంత నీటిని ఆవిరి చేయడానికే పోతుంది, మంట చల్లబడి పొగ పెరుగుతుంది. తేమ 20 శాతం లోపుండాలి. కొలిచే పరికరం లేకపోతే రెండు ముక్కలు కొట్టి చూడండి, ఎండినదైతే ఖంగుమంటుంది, పచ్చిదైతే దబ్బుమంటుంది. కోసిన చివర చక్రం ఆకుల్లా పగుళ్ళుండాలి. మొద్దుల్ని చీల్చి ఆరబెడితేనే లోపలిదాకా ఆరతాయి, తొక్కతో గుండ్రంగా వదిలేస్తే నెలలు గడిచినా గుండెలో పచ్చే. రంగు వేసినవి, ప్లైవుడ్డు, చెదలమందు పట్టించిన చెక్క అసలే వద్దు, ఆ పొగ విషం.

మోస్తరు నెగడుకు గంటకు 10 కిలోలు వేసుకుంటే 12 గంటలకు 120 కిలోలు. మధ్యలో అయిపోతే పక్కన దొరికిన పచ్చికొమ్మలు వేయడం మొదలుపెడతారు, పొగంతా అప్పుడే. కట్టె మోపు కింద రెండు దుంగలు పెట్టి నేలకు ఆనకుండా ఉంచి పైన కప్పితే మంచు బాధ కూడా తీరుతుంది.

లయ:
కట్టెకు కప్పుతారు సరే. తోలుకు?

నిప్పుకాపరి:
డప్పులకు నిప్పుకు రెండు మీటర్ల దూరంలో గాలి వచ్చే వైపున బల్ల వేద్దాం.

అసలు విషయానికి వద్దాం. తోపులో నిప్పు నుంచి నాలుగు మీటర్ల దూరంలో కూర్చుంటే వలయం చుట్టుకొలత 25 మీటర్లు. మనిషికి 60 సెంటీమీటర్లు చొప్పున 40 మందే పడతారు. మిగతా 80 మంది చెట్ల వెనక నిలబడుతున్నారు. చెరువు ఒడ్డున మూడు వరసలు వేస్తే అందరూ సరిపోతారు. ఇంతకు మించి వాదన అక్కర్లేదు.

తోపువాసి:
ఇప్పుడు బయటపడింది! రాళ్ళూ కాదు, ఆకులూ కాదు. మీకు కావాల్సింది జనం. మూడు వరసలంటే వలయం కాదు నిప్పుకాపరి గారూ, అది సభ. మొదటి వరస సాధన చేస్తుంది, మూడో వరస ముందువాళ్ళ వీపులు చూస్తుంది. ఎదుటివాళ్ళ ముఖం మీద వెలుగు కనబడాలనే కదా గుండ్రంగా కూర్చునేది? పోనీ 120 మందినీ ఒకే వరసలో కూర్చోబెడదామంటే చుట్టుకొలత 72 మీటర్లు, నిప్పుకు పదకొండున్నర మీటర్ల దూరం. అక్కడికి చేరే సెగ నాలుగు మీటర్ల దగ్గర ఉండేదాంట్లో ఎనిమిదో వంతు. అది తీర్చడానికి మీరు మంట పెంచుతారు, రవ్వలు ఇంకా దూరం పోతాయి. 40 మందితో మొదలైనది 40 మందితోనే ఉండనివ్వండి. కిందటి సమావేశంలో ఇదే చెబితే రాసుకున్నవాళ్ళు లేరు.

నిప్పుకాపరి:
ఆ 40 మందిని ఎవరు ఎంచుతారు? మీరా? మొదట్నుంచీ ఉన్నవాళ్ళు లోపల, కొత్తవాళ్ళు చలిలో. వెనకున్నవాళ్ళు తట్టుకోలేక పళ్ళెంలో నిప్పులు తీసుకుని గుడారంలోకి పోతున్నారు. మూసిన గుడారంలో నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగుండదు, వాసనుండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. వలయం అందంగా ఉండాలని మనుషుల్ని ఆ పరిస్థితికి నెట్టలేను.

ఇంకో మాట. రాత్రంతా నిప్పు చూసేది నలుగురం. వలయం గురించి ఇంత చెప్పేవాళ్ళలో మూడో జాముకు లేచి కట్టె సర్దినవాళ్ళు ఎంతమంది?

తోపువాసి:
పిలిస్తే వచ్చేవాళ్ళం. నిప్పు దగ్గరకు ఎవరినీ రానివ్వనిది మీరే.

సంధ్యాదీపం:
ఇద్దరూ ఒక్క నిమిషం ఆగండి. ఒకటే నెగడు ఉండాలని ఎవరన్నారు? బయలులో మూడు నెగళ్ళు, ఒక్కోదానికి 40 మంది, ఒక్కటే వరస. ఇది కుదరదా?

చిరుగాలి:
కట్టె మూడింతలవుతుందని భయపడక్కర్లేదు. మూడు వరసలకు సెగ అందాలంటే ఆ ఒక్క నెగడుకూ గంటకు 30 కిలోలు పడుతుంది. లెక్క ఒకటే. చిన్న మంటలైతే మోకాలెత్తు దాటవు, రవ్వలూ తక్కువ.

లయ:
నెగళ్ళు మూడైతే వాద్యం సంగతి ముందే తేల్చండి. 30 మీటర్ల దూరం నుంచి శబ్దం రావడానికి సెకనులో దాదాపు పదకొండో వంతు పడుతుంది. చెవికది ఆలస్యంగానే తెలుస్తుంది. రెండు చోట్ల ఒకే దరువు వేస్తే ఎవరికి వాళ్ళకు అవతలివాళ్ళు వెనకబడ్డట్టే వినబడుతుంది, అందుకోబోయి ఇద్దరూ తాళం తప్పుతారు. డప్పు ఒక్క నెగడు దగ్గరే ఉండాలి. రెండోదాని దగ్గర నామజపం, మూడోది మౌనం. మౌనం నెగడు కనీసం 100 మీటర్ల అవతల, గట్టు చాటున పెట్టండి. అలా పెట్టినా మంద్రస్థాయి దరువు రాత్రిపూట వినబడుతూనే ఉంటుంది.

మౌని:
మౌనం నెగడుకు నేను సిద్ధం. మరుగుదొడ్లు మాత్రం మూడింటికీ మధ్యలో.

నిప్పుకాపరి:
మూడంటే ఒప్పుకుంటాను, మనుషులుంటేనే. ఒక్కో నెగడుకు ఇద్దరు, మూడు గంటలకొకసారి మార్పు. 12 గంటలకు 24 మంది కావాలి. నెగడు నెగడుకూ నాలుగు బకెట్ల నీళ్ళు, పార, తడి గోనెసంచి. గాలికి చిన్న కొమ్మలు కదలడం మొదలైతే కొత్త కట్టె ఆపాలి. తెల్లారాక మట్టి కప్పి పోవద్దు, మట్టి కింద నిప్పు రోజంతా బతికే ఉంటుంది. నీళ్ళు పోసి, పారతో కలిపి, మళ్ళీ పోసి, అరచేతి వెనక భాగంతో దగ్గరగా చూసి, వేడి తగలకపోతేనే కదలాలి. బూడిద చెరువులో పారబోయొద్దు, అది క్షారం.

పల్లంలో పొగ సంగతి తేలాలంటే పొద్దుగూకిన రెండు గంటలకు అక్కడ గుప్పెడు తడి గడ్డితో పొగ పెట్టి చూద్దాం. పైకి పోకుండా అడ్డంగా పరుచుకుంటే బయలు ఎగువ చివరకు జరుపుదాం.

తోపువాసి:
పరీక్షకు నేనూ వస్తాను. మూడైతే నాకూ సమ్మతమే. కానీ మౌనం నెగడు చుట్టూ మన రాళ్ళుండాలి.

నిప్పుకాపరి:
నిప్పుకు మీటరున్నర అవతల, కూర్చునే గీతగా పెట్టుకోండి. అభ్యంతరం లేదు.

తోపువాసి:
నిప్పుకు ఆనని రాళ్ళు గీత కోసమా? ఎండకు ఆరబెట్టి, మొదటి గంట చిన్న మంటతో వేడెక్కిస్తే ఏమవుతుంది?

నిప్పుకాపరి:
లోపల ఆరిందని బయటినుంచి తెలియదు. నేను కాపలా ఉండే నెగడుకు పెట్టనివ్వను.

సంధ్యాదీపం:
రాళ్ళ విషయం పొగ పరీక్ష రోజున అక్కడే చూసుకుందాం. కాపలా పట్టిక తెరిచాను. 24 చోట్లకు ఇప్పటిదాకా 9 పేర్లే వచ్చాయి. అర్ధరాత్రి నుంచి మూడింటి దాకా వరస మొత్తం ఖాళీ.

తోపువాసి:
ఆ వరసలో మౌనం నెగడుకు నా పేరు రాయండి.