ఏరియలా, హెల్వెటికానా? పాత విజిటింగ్ కార్డుతో తిప్పలు

కార్డులబాబు:
నాది డీటీపీ షాపు. ఒక పెద్దాయన ఎప్పటిదో విజిటింగ్ కార్డు తెచ్చి, అచ్చం ఇలాగే కావాలన్నారు. ఇంగ్లిష్ అక్షరాలే. స్కాన్ చేసి, దాని మీద ఏరియల్ ఫాంట్‌లో టైపు చేసి చూస్తే పొడవు వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయింది. తీరా ప్రింటు చూపిస్తే "ఇది మాది కాదు బాబూ" అని పక్కన పెట్టేశారు. ఎక్కడ తప్పిందో అర్థం కావట్లేదు.

పాతకంపోజిటర్:
ఆ పొడవే మిమ్మల్ని ముంచింది. హెల్వెటికా 1957లో స్విట్జర్లాండ్‌లో మాక్స్ మీడింగర్ గీసిన టైపు. మొదట్లో పేరు నోయె హాస్ గ్రోటెస్క్, 1960లో మార్చారు. ఏరియల్ 1982లో మోనోటైప్ అనే టైపు కంపెనీ వాళ్లు చేసింది. ఒక్కో అక్షరం వెడల్పు హెల్వెటికాకి సరిపోయేలా చేశారు కాబట్టి ఒకటి తీసి ఇంకోటి పెట్టినా లైను కదలదు. పొడవు వదిలేసి కొసలు చూడండి. అడ్రసులో 'రోడ్' ఉంటుందిగా, ఆ పెద్ద 'ఆర్' కాలు ఎలా ఉంది? ఏరియల్‌లో ఏటవాలుగా జారుతుంది. హెల్వెటికాలో కాస్త వంపు తిరిగి నిటారుగా దిగుతుంది.

లేఅవుట్_లక్ష్మి:
నేనైతే ముందు చిన్న 'టీ' తల చూస్తా. ఏరియల్‌లో కత్తితో ఏటవాలుగా కోసినట్టు ఉంటుంది, హెల్వెటికాలో అడ్డంగా. 'సీ', 'ఎస్' చివర్లూ అంతే. పెద్ద 'జీ'కి కింద కుడి మూల ముల్లులా పొడుచుకొస్తే హెల్వెటికా. ఏరియల్‌కి ఆ ముల్లు లేదు.

బొద్దక్షరం:
తెలుగు ఫాంట్లకి కూడా ఇలాంటి గుర్తులు చెప్పండి అన్నా. ఫ్లెక్సీల మీద అన్నీ ఒకేలా కనిపిస్తాయి నాకు.

పాతకంపోజిటర్:
ర వత్తు చూడు తమ్ముడూ. 'క్ర'లో కొన్నిటికి ఎడమ నుంచి అక్షరాన్ని చుట్టుకొస్తుంది, కొన్నిటికి కింద కుడిపక్కన ఒదుగుతుంది. రామభద్ర ఫాంట్‌కి మాత్రం ఏదీ చూడక్కర్లేదు, ఆ లావే చెప్పేస్తుంది.

కార్డులబాబు:
భూతద్దం పెట్టి చూశా. 'ఆర్' కాలు నిటారు, 'జీ'కి ముల్లుంది. హెల్వెటికానే! కానీ ఫోన్ నంబరులో ఒకట్లు తేడాగా ఉన్నాయి. పైన జెండాలా ఉండే చిన్న గీత ఏటవాలుగా వాలింది.

లేఅవుట్_లక్ష్మి:
ఆ లైను ఏరియల్. హెల్వెటికా ఒకటికి జెండా దాదాపు అడ్డంగా మొదలై వంపుతో నిలువు గీతలో కలుస్తుంది. నంబరు మారినప్పుడు ఎవరో అదొక్కటే మళ్లీ కొట్టుంటారు.

కార్డులబాబు:
పెద్దాయన్ని అడిగా. ల్యాండ్‌లైన్ తీసేసి సెల్ నంబరు వేయించారట. ఇప్పుడు దాన్ని మార్చేయనా, ఏరియల్‌లోనే ఉంచనా?

పాతకంపోజిటర్:
"అచ్చం ఇలాగే" అన్నారుగా. ఉంచేయండి.