వరుసగా నడవని ప్రోగ్రామింగ్ భాషలు: దేనితో మొదలుపెట్టాలి?

ప్రశ్న

సీ, పైథాన్ భాషల్లో కొంతకాలంగా ప్రోగ్రాములు రాస్తున్నాను. ఎసోటెరిక్ భాషల (సరదాకో ప్రయోగానికో తయారుచేసిన వింత ప్రోగ్రామింగ్ భాషల) గురించి చదివితే, వాటిలో చాలావరకు మామూలు ఆదేశాలకే వింత గుర్తులు తగిలించినట్టు అనిపించింది. ఆదేశాలు పై నుంచి కిందికి ఒకదాని తర్వాత ఒకటి అమలు కావడమనే పద్ధతినే పక్కన పెట్టిన భాషలు ఉన్నాయా? ఉంటే దేనితో మొదలుపెట్టాలో చిన్న ఉదాహరణతో చెప్పగలరు.

జవాబు 1

బెఫంజ్‌తో మొదలుపెట్టండి. కంపైల్ చేయడం (ప్రోగ్రామును నడపడానికి ముందే యంత్రభాషలోకి మార్చడం) వీలైనంత కష్టంగా ఉండాలన్న ఉద్దేశంతోనే క్రిస్ ప్రెస్సీ 1993లో దీన్ని రూపొందించారు. ప్రోగ్రామును అడ్డంగా 80, నిలువుగా 25 గళ్లున్న పలక మీద రాస్తాం; ప్రస్తుతం అమలవుతున్న చోటును చూపే పాయింటర్ ఏ గడిలో ఉంటే ఆ గడిలోని గుర్తు అమలవుతుంది. పాయింటర్ నాలుగు దిక్కులకూ కదలగలదు, ఒక అంచు దాటితే ఎదుటి అంచు నుంచి లోపలికి వస్తుంది. ఈ ఒక్క వరుస చూడండి:

123>:#._@

ముందుగా 1, 2, 3 స్టాక్‌లో (చివర పెట్టినదే ముందు బయటికి వచ్చే దొంతరలో) చేరతాయి. '>' పాయింటర్‌ను కుడికి నడుపుతుంది, ':' స్టాక్ పైనున్న 3కు నకలు తీస్తుంది. '#' తన తర్వాతి గడిని దాటించేస్తుంది కనుక చుక్క ఇప్పుడు అమలు కాదు. '_' ఆ నకలును తీసుకుని, అది సున్నా అయితే కుడికి, కాకపోతే ఎడమకు పంపుతుంది. 3 సున్నా కాదు. అందువల్ల పాయింటర్ వెనక్కి మళ్లి, ఇందాక వదిలేసిన చుక్క మీదికి వచ్చి 3ను ముద్రిస్తుంది. ఈసారి అదే '#' ':'ను దాటించి '>' దగ్గరికి చేరుస్తుంది. 2, 1 కూడా ఇలాగే ముద్రితమయ్యాక స్టాక్ ఖాళీ అవుతుంది. ఖాళీ స్టాక్ నుంచి తీస్తే వచ్చేది సున్నా కాబట్టి పాయింటర్ కుడికి సాగి '@' వద్ద ఆగుతుంది. లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయడం) కోసం ఇక్కడ ప్రత్యేకమైన ఆదేశమేదీ లేదు. వెళ్లేటప్పుడు ':', వచ్చేటప్పుడు చుక్క అమలు కావడమే లూప్.

జవాబు 2

బెఫంజ్‌లో దిక్కులు ఎన్ని మారినా, పాయింటర్ ఎటు వెళ్తుందో ఆ గడిలోని గుర్తే చెబుతుంది. ఇంటర్‌కాల్‌లో ఆ ఆధారం కూడా ఉండదు. 1972లో ప్రిన్స్‌టన్‌లో డాన్ వుడ్స్, జేమ్స్ లయన్ దీన్ని తయారు చేశారు. ప్రోగ్రామును మరో వరుసకు దూకించే 'గో టు' ఆదేశాన్ని విమర్శిస్తూ కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1968లో రాసిన లేఖ పెద్ద చర్చకు దారితీయగా, 1973లో డేటామేషన్ పత్రికలో ఆర్. లారెన్స్ క్లార్క్ దానికి బదులుగా 'కమ్ ఫ్రమ్' అనే ఆదేశాన్ని వేళాకోళంగా ప్రతిపాదించారు. 1990లో ఎరిక్ రేమండ్ రాసిన ఇంటర్‌కాల్ కంపైలర్ సీ-ఇంటర్‌కాల్ ఆ వేళాకోళాన్ని నిజం చేసింది. ప్రోగ్రాములో ఎక్కడో దూరాన 'ఫలానా వరుస నుంచి ఇక్కడికి రా' అని రాసి ఉంటే, ఆ ఫలానా వరుస పూర్తి కాగానే నియంత్రణ అక్కడికి వెళ్లిపోతుంది. ఆ వరుసను ఎంత శ్రద్ధగా చదివినా ఈ సంగతి తెలియదు. 'ప్లీజ్' అనే మాటను తక్కువ వాడినా, మరీ ఎక్కువ వాడినా కంపైలర్ ప్రోగ్రామును తిరస్కరించడం వేరే ముచ్చట.

జవాబు 3

మీరు అడిగినదానికి అన్నిటికంటే సూటిగా సరిపోయేది డేవిడ్ మోర్గన్-మార్ రూపొందించిన వెనెవర్ అని నా అభిప్రాయం. ఇందులో ప్రోగ్రాము అంటే చేయవలసిన పనుల జాబితా. ఏ పని ఎప్పుడు చేయాలన్నది ప్రోగ్రామును నడిపించే ఇంటర్‌ప్రెటర్ ఇష్టం. ఒక పని ముందు జరగాలంటే, అది ఇంకా జాబితాలో ఉన్నంతవరకు రెండో పనిని వాయిదా వేయమని 'డిఫర్'తో షరతు పెట్టాలి. విలువలు దాచుకునే చరరాశులు (వేరియబుల్స్) లేవు, ఒక పని జాబితాలో ఎన్నిసార్లు ఉందన్న లెక్కనే సంఖ్యగా వాడుకోవాలి. ఒకేసారి అనేక పనులు నడిచే ప్రోగ్రాములు రాసేవారికి ఈ షరతులు కొత్తగా అనిపించవు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. బెఫంజ్‌ను కంపైల్ చేయడం ఎందుకు కష్టమో మాత్రం అర్థం కాలేదు. దిక్కులన్నీ ముందే కనిపిస్తున్నాయి కదా?

జవాబు 1 రాసినవారు

నేనిచ్చిన వరుస వరకు మీ మాట నిజమే. అయితే 'పీ' అనే ఆదేశం నడుస్తున్న ప్రోగ్రాములోని ఏ గడిలోనైనా కొత్త గుర్తు రాయగలదు. ఇప్పుడు '>' ఉన్న చోట కాసేపటికి '<' ఉండవచ్చు, అది కూడా వాడేవారు ఇచ్చిన ఇన్‌పుట్‌ను బట్టి.