తిండి, అలవాట్లు సరిగ్గా ఉంటే పిల్లలకు ఫ్లూ రాదా?

చెన్నై పెరంబూరు నుంచి ఒక తల్లి:

కార్తీకమాసపు వానలు పట్టుకున్న వారంలో, రెండో తరగతి చదువుతున్న మా అమ్మాయి మధ్యాహ్నం దాకా ఆడుకుంటూనే ఉండి, సాయంత్రానికి 103 డిగ్రీల జ్వరంతో పడిపోయింది. ఒళ్లంతా నొప్పులని ఏడ్చింది, కళ్లు తెరవలేకపోయింది. డాక్టరుగారు ముక్కులోంచి నమూనా తీయించి ఫ్లూలో ఒక రకమైన ఇన్‌ఫ్లుయెంజా ఎ అని నిర్ధారించారు. మూడో రోజున నాలుగేళ్ల మా బాబు కూడా మంచం పట్టాడు.

ఇప్పుడు ఇద్దరూ కోలుకున్నారు గానీ ఇంట్లో మాటలు మాత్రం ఆగలేదు. వానల్లో పెరుగన్నం పెట్టడం వల్లే వచ్చిందని మా అత్తగారు, రాగిజావ మానిపించి కార్న్‌ఫ్లేక్సు అలవాటు చేసినందుకని మా అమ్మ, నేలవేము కషాయం పట్టించి ఉంటే రాకపోయేదని ఎదురింటి ఆమె అంటున్నారు. ముగ్గురూ పిల్లల మీద ప్రేమతోనే అంటున్నారని నాకు తెలుసు. అయినా ఆ మూడు మాటలూ తిరిగి తిరిగి నా వంటింటి గుమ్మం దగ్గరికే వస్తున్నాయి. తిండీ అలవాట్లూ సరిగ్గా ఉన్న పిల్లలకు ఫ్లూ రాదన్న మాటలో నిజమెంతో, తెలిసినవారు కారణంతో సహా చెప్పాలని కోరుతున్నాను.

విల్లివాక్కం నుంచి ఒక తాతయ్య:

అమ్మా, నిన్ను తప్పుపట్టడానికి కాదు, మీ అత్తగారి మాటను ఒక్కసారిగా కొట్టిపారేయవద్దని చెప్పడానికే రాస్తున్నాను. మేము నెల్లూరు నుంచి ఈ ఊరికి వచ్చి 40 ఏళ్లు దాటింది. మా ఇంట్లో నలుగురు మనవలు పెరుగుతున్నారు. బయటి నుంచి వస్తే కాళ్లూ చేతులూ కడుక్కోకుండా లోపలికి అడుగు పెట్టరు. రాత్రి తొమ్మిదింటికల్లా నిద్రపోతారు. వారానికి రెండుసార్లు మునగాకు, జామకాయలు దొరికినన్నాళ్లు జామకాయలు, వానాకాలమంతా మిరియాల చారు తప్పదు. నలుగురిలో ఎవరికీ ఈ ఏడు ఫ్లూ రాలేదు.

నేను అడిగేది ఒక్కటే. ఒక తరగతి గదిలో 40 మంది పిల్లలు ఒకే గాలి పీలుస్తారు కదా, వారిలో పదిమందికే జ్వరం వచ్చి మిగిలిన ముప్పైమందికి ఎందుకు రాదు? ఒంట్లో సత్తువ ఉన్నవాడిని రోగం ముట్టదనే పెద్దలు చెప్పారు. నేలవేము కషాయాన్ని డెంగీ రోజుల్లో తమిళనాడు ప్రభుత్వమే ఆసుపత్రుల్లో పంచింది. ఏటేటా మళ్లీ వేయించాల్సిన టీకా మీద మాత్రం నాకు నమ్మకం కుదరడం లేదు.

వలసరవాక్కం నుంచి, వైరస్ పరీక్షల ల్యాబు ఉద్యోగి:

తాతగారు వేసినది సరైన ప్రశ్న గనుక దానితోనే మొదలుపెడతాను. ఒకే గదిలో ఉన్నంత మాత్రాన వైరస్ అందరికీ ఒకే మోతాదులో చేరదు. దగ్గుతున్న పిల్లవాడి పక్కనే కూర్చున్నవాడు పీల్చేది వేరు, తెరిచిన కిటికీ దగ్గర కూర్చున్నవాడు పీల్చేది వేరు. గత ఏళ్లలో అలాంటి వైరస్సే సోకి తగ్గినవారికి కొంత రక్షణ మిగిలి ఉంటుంది. కొందరికి సోకినా జ్వరం పైకి కనిపించదు. అందువల్ల జ్వరం రాని ముప్పైమందినీ వాళ్లు తిన్న తిండే కాపాడిందని లెక్కకట్టలేము. మీ మనవలు నలుగురూ ఆరోగ్యంగా ఉన్నందుకు సంతోషమే గానీ, ఒక్క ఏడాది ఫ్లూ రాకపోవడం చాలామంది పిల్లలకు ఏ కషాయమూ లేకుండానే జరుగుతుంది.

తిండి విషయంలో ఊహలతో పని లేదు, పరీక్షలు చేసి చూశారు. విటమిన్ సి మీద జరిగిన పరీక్షలన్నిటినీ, వైద్య పరిశోధనల ఫలితాలను సమీక్షించే కోక్రేన్ సంస్థ 2013లో ఒకచోట చేర్చి పరిశీలించింది. రోజూ మాత్రలు మింగినా మామూలు జనంలో జలుబు రావడం తగ్గలేదు. వచ్చిన జలుబు మాత్రం పెద్దల్లో 8 శాతం, పిల్లల్లో 14 శాతం తక్కువ కాలం ఉంది. వారం రోజుల పడిశం ఆరు రోజులకు తగ్గడమన్నమాట. అది కూడా జలుబు సంగతే తప్ప ఫ్లూ సంగతి కాదు. విటమిన్ డి కథ ఇంకాస్త ఆశ పుట్టిస్తుంది. జపానులో 334 మంది బడిపిల్లలతో చేసి 2010లో ప్రచురించిన పరీక్షలో, విటమిన్ డి తీసుకున్నవారిలో 10.8 శాతం మందికి, తీసుకోనివారిలో 18.6 శాతం మందికి ఇన్‌ఫ్లుయెంజా ఎ సోకింది. అయితే ఇన్‌ఫ్లుయెంజా బి విషయంలో ఆ తేడా కనిపించలేదు, ఆ తర్వాత అనేక పరీక్షల ఫలితాలను కలిపి చూసినప్పుడు శ్వాసకోశ జబ్బుల మీద దాని ప్రభావం చాలా చిన్నదిగానే తేలింది.

తాతగారి ఇంటి అలవాట్లలో నాకు బాగా నచ్చినది తొమ్మిదింటి నిద్ర. అమెరికాలో 153 మంది ఆరోగ్యవంతుల ముక్కుల్లో జలుబు వైరస్ చుక్కలు వేసి చూసిన పరీక్ష ఒకటి 2009లో వెలువడింది. ఏడు గంటలకన్నా తక్కువ నిద్రపోయేవారికి, ఎనిమిది గంటలకు తగ్గకుండా నిద్రపోయేవారికంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువగా జలుబు వచ్చింది. వాళ్లు పెద్దవాళ్లు, వేసినది ఫ్లూ వైరస్ కాదు. అయినా పిల్లల నిద్రను తేలికగా తీసుకోకూడదని నేను గట్టిగా నమ్ముతాను. చేతులు కడుక్కోవడం వల్ల శ్వాసకోశ జబ్బులు మొత్తం మీద 14 శాతం దాకా తగ్గినట్టు 2023 నాటి కోక్రేన్ పరిశీలన చెబుతుంది గానీ, ల్యాబులో నిర్ధారణ అయిన ఫ్లూను విడిగా లెక్కిస్తే అంత స్పష్టమైన తేడా కనిపించలేదు. ఫ్లూ వైరస్ స్టీలు, ప్లాస్టిక్కు వస్తువుల మీద ఒకటి రెండు రోజులు బతికే మాట నిజమే. అయితే అది దగ్గులోనూ ఊపిరిలోనూ కూడా వస్తుంది, ఊపిరిని సబ్బుతో కడగలేము.

ఇక పెరుగన్నం. ఢిల్లీ, పుణె, కోల్‌కతాలలో ఫ్లూ జూలై, సెప్టెంబరు నెలల మధ్య పెరుగుతుందనీ, చెన్నై, వేలూరులలో మాత్రం ఈశాన్య రుతుపవనాలు వచ్చే అక్టోబరు, నవంబరులలో పెరుగుతుందనీ మన దేశంలో జరిగిన అధ్యయనం ఒకటి 2015లో చూపించింది. మన ఊళ్లో పెరుగన్నం ఏడాది పొడుగునా తింటారు. చైత్రంలో తిన్నప్పుడు రాని ఫ్లూ కార్తీకంలో తిన్నప్పుడు వచ్చిందంటే, మారినది గిన్నెలోని అన్నం కాదు, తలుపులు మూసిన గదిలోని గాలి.

టీకా ఏటేటా ఎందుకని తాతగారు అడిగారు. ఈ వైరస్ తన పైపొరను మార్చుకుంటూ ఉంటుంది, అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు టీకాలో ఉండాల్సిన రకాలను సవరిస్తుంది. 2 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో ఇంజెక్షన్ టీకా వల్ల ఫ్లూ బారిన పడేవారు 30 శాతం నుంచి 11 శాతానికి తగ్గినట్టు 2018 నాటి కోక్రేన్ పరిశీలన తేల్చింది. వేయించుకున్న నూటికి పదకొండుమందికి వచ్చిందనే మాటనూ దాచను. పైన చెప్పిన తిండి పదార్థాలలో ఏదీ ఆ దరిదాపులకు రాలేదు. కషాయాన్ని ప్రభుత్వం డెంగీ రోజుల్లో పంచడం వేరు, అది ఫ్లూను ఆపుతుందని రుజువు కావడం వేరు.

అలాగని తిండి వల్ల ప్రయోజనం లేదని నేను అనను. పోషణ లేని పిల్లలకు, ఊబకాయమున్న పిల్లలకు, ఇంట్లో బీడీ సిగరెట్ల పొగ పీల్చే పిల్లలకు జబ్బు ముదిరే ప్రమాదం ఎక్కువ. జబ్బును తట్టుకోవడానికి తిండి కావాలి. వైరస్‌ను గుమ్మంలోనే ఆపడం దాని పని కాదు. అమ్మా, మీ వంటింట్లో ఏ తప్పూ జరగలేదు.

అంబత్తూరు నుంచి ఒక టీచరు:

అలవాట్లంటే ఇంటి అలవాట్లేనా, బడి అలవాట్లు లెక్కలోకి రావా? నేను పనిచేసిన ఒక బడిలో ఏడాదంతా ఒక్క రోజు కూడా మానని పిల్లలకు వార్షికోత్సవంలో వేదిక మీద బహుమతి ఇచ్చేవారు. ఆ బహుమతి కోసం రెండో తరగతి పిల్లవాడొకడు పొద్దున్నే జ్వరం మందు తాగి వచ్చాడు. మొదటి రెండు పీరియడ్లు బాగానే ఉన్నాడు. పదకొండు గంటలకు మందు బలం తగ్గింది. బల్ల మీద తల ఆనించి, పక్కవాడి నీళ్ల సీసా అడిగి తాగాడు. నేను వెళ్లి మెడ మీద చెయ్యి వేసేసరికి కాలిపోతోంది. వాన జల్లు పడుతుందని గది కిటికీలన్నీ మూసి ఉన్నాయి. ఆ వారాంతానికి మా తరగతిలో తొమ్మిదిమంది రాలేదు. వాళ్లలో రోజూ చద్దన్నం తినేవాళ్లూ ఉన్నారు, రోజూ బాదంపప్పులు తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు.

ఆ పిల్లవాడి తల్లిని నేను తప్పుపట్టను. ఆమెకు ఒక రోజు సెలవు పెడితే ఒక రోజు జీతం పోతుంది.

విల్లివాక్కం తాతయ్య:

ల్యాబులో పనిచేసే బాబు చెప్పిన లెక్కలు రెండుసార్లు చదివాను. ముప్పైమంది సంగతి నేను అలా ఆలోచించలేదు, ఆ మేరకు నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. చారు మాత్రం మానను, జ్వరం వచ్చి నోరు చేదెక్కిన పిల్లలు వేడిగా తాగగలిగేది అదొక్కటే. టీకా విషయం మా కోడలికి వదిలేస్తున్నాను, ఆమె అడిగితే ఈసారి అడ్డు చెప్పను. టీచరమ్మా, ఆ బహుమతి పద్ధతి మా మనవల బడిలోనూ ఉంది. పోయిన ఏడు మా పెద్ద మనవడికి ఆ బహుమతి వచ్చినప్పుడు నేనే మెచ్చుకుని వంద రూపాయలు ఇచ్చాను.

పెరంబూరు తల్లి:

అందరికీ కృతజ్ఞతలు. ఈ చర్చను మా అత్తగారికి చదివి వినిపించాను. చైత్రం, కార్తీకం మాట దగ్గర ఆగి, మళ్లీ ఒకసారి చదవమన్నారు. మా డాక్టరుగారితో మాట్లాడితే, ఆరు నెలలు నిండిన ఐదేళ్లలోపు పిల్లలందరికీ ఏటా ఫ్లూ టీకా వేయించమని భారత పిల్లల వైద్యుల సంఘం సిఫారసు చేస్తుందనీ, తొమ్మిదేళ్లలోపు పిల్లలకు మొదటిసారి అయితే నాలుగు వారాల ఎడంతో రెండు డోసులు కావాలనీ చెప్పారు. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే టీకాల జాబితాలో ఇది లేదు గనుక ఇద్దరికీ కలిపి ఖర్చు తక్కువేమీ కాదు. వచ్చే ఏడు సెప్టెంబరులోపు వేయించేలా ఇప్పటి నుంచే డబ్బు పక్కన పెడుతున్నాను.

మా అమ్మాయి బడిలో కూడా హాజరు బహుమతి ఉంది. జ్వరంతో మానిన రోజులను ఆ లెక్కలోంచి తీసేయాలని శనివారం తల్లిదండ్రుల సమావేశంలో అడగబోతున్నాను. మా తరగతి తల్లులు ఆరుగురు ఇప్పటికే సంతకాలు పెట్టారు. మా అత్తగారు ఏడో సంతకం తానే పెడతానన్నారు, తెలుగులో పెట్టవచ్చా అని అడిగారు.