గూడు జారిన గోరింక పిల్ల: ఇంటికి తేవాలా, అక్కడే వదలాలా?

కడప వేపచెట్టు:
మధ్యాహ్నం మా పెరట్లో వేపచెట్టు కింద గోరింక పిల్ల కనబడింది. ఒంటి నిండా ఈకలున్నాయి, తోక మాత్రం బొటనవేలంత. గెంతుతోంది, ఎగరలేకపోతోంది. మనిషి చేయి తగిలితే తల్లి మళ్లీ దగ్గరికి రానివ్వదని మా అత్తయ్య ముట్టుకోనివ్వడం లేదు. ముట్టుకోకపోతే ఎదురింటి పిల్లి ఊరుకోదు. ఏం చేయమంటారు?

కర్నూలు కొండారెడ్డి:
అట్టపెట్టెలో పెట్టి ఇంట్లోకి తెచ్చుకోండి. తల్లి చూసుకుంటుందిలే అని నిరుడు నేనూ వదిలేశాను. అన్నం తిని వచ్చేసరికి రెండు ఈకలు మిగిలాయి.

చిత్రావతి గట్టు:
మాది చిలమత్తూరు వైపు. వీరాపురంలో చింతచెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడతాయి, ఊరివాళ్లు వాటి జోలికి పోరు. అదే పద్ధతి.

అనంతపురం పిచ్చుక:
జోలికి పోకపోవడం వేరు, పిల్లి నోటికి వదిలేయడం వేరు.

కొండారెడ్డి గారూ, మీ కోపం అర్థమైంది. కానీ ఈ పిల్ల గూడు జారినది కాదు, గూడు దాటినది. ఈకలు వచ్చి తోక పొట్టిగా ఉందంటే ఎగరడం నేర్చుకునే వయసు. ఆ కొద్ది రోజులూ నేల మీద, పొదల్లో గెంతుతూనే గడుపుతుంది. తల్లీ తండ్రీ అక్కడికే వచ్చి మేత పెడతాయి, మనం పక్కన నిలబడితే రావు. తల్లి రాలేదని వాపోయేవాళ్లలో చాలామంది తల్లికి అడ్డంగా నిలబడినవాళ్లే.

మనిషి చేయి తగిలిందని పక్షులు పిల్లను వదిలేయవు. పట్టుకుని నీడలో, పిల్లికి అందని కొమ్మ మీద పెట్టి ఇంట్లోకి వెళ్లిపోండి. ఈకలు రాని పసిగుడ్డయితే సంగతి వేరు, దాన్ని గూట్లోనే పెట్టాలి. గూడు అందకపోతే చిన్న బుట్టలో ఎండుగడ్డి వేసి అదే చెట్టుకు కట్టాలి.

ఎండకు జాలిపడి నోట్లో నీళ్లు పోయకండి. పక్షికి ఊపిరి రంధ్రం నాలుక మొదట్లోనే ఉంటుంది, అటు పోయిన చుక్క నేరుగా ఊపిరితిత్తుల్లోకే. పాలు అసలే వద్దు.

కర్నూలు కొండారెడ్డి:
మా వీధి పిల్లులకు కొమ్మలు ఎక్కడం బాగా వచ్చు. మా మేనమామ ఇలా దొరికిన రామచిలుకను పదేళ్లు సాకాడు.

అనంతపురం పిచ్చుక:
పంజరంలో. చిలుకను అలా ఉంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా. పిల్లి పన్ను దిగిందనుకోండి, అప్పుడు మీ అట్టపెట్టే సరైనది, పశువైద్యుడి దగ్గరికో అటవీశాఖ వాళ్ల దగ్గరికో తీసుకెళ్లడానికి. గాటు చిన్నదే అయినా చీము పట్టి చనిపోతాయి.

కడప వేపచెట్టు:
కొమ్మ మీద పెట్టి వంటింటి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాం. ముప్పావు గంట ఏ అలికిడీ లేదు. తర్వాత ఒక పెద్ద గోరింక మిడతను పట్టుకొచ్చి పిల్ల నోట్లో కుక్కి పోయింది. అత్తయ్య కళ్లజోడు సవరించుకుని మరీ చూశారు. "అది తల్లి కాదు, పిన్ని అయి ఉంటుంది" అన్నారు.