డెబియన్‌కీ ఫెడోరాకీ ఒకే సోర్సు: ఏ ఫైలు ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న

సీ భాషలో ఒక లైబ్రరీ, దానిమీద నడిచే డీమన్ (వెనక నిరంతరం నడిచే ప్రోగ్రామ్). బిల్డ్, ఇన్‌స్టాల్ చేయించే సాధనం సీమేక్. రెండు లినక్స్‌లకూ, డెబియన్‌కీ ఫెడోరాకీ, ఒకే సోర్సు కావాలి. లైబ్రరీ, దాని డాట్ పీసీ ఫైలు (లైబ్రరీ ఎక్కడుందో చెప్పేది) రెండూ /యూఎస్ఆర్/లిబ్ కిందికి వెళ్ళాలని సీమేక్ ఫైల్లో నేరుగా రాసి ఉంది. డెబియన్ 12లో ఇబ్బంది లేదు. ఫెడోరాలో ఇన్‌స్టాల్ అవుతోంది కానీ డాట్ పీసీ ఫైళ్ళు చదివే పీకేజీ-కాన్ఫిగ్ ఆ లైబ్రరీయే లేదంటోంది. ఏ ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉండాలో చెప్పే ప్రమాణం, 2015 నాటి ఎఫ్‌హెచ్ఎస్ 3.0 చూసినా తేలలేదు. లైసెన్సు, మాన్యువల్, నమూనా కాన్ఫిగ్ ఎక్కడ పెట్టాలో కూడా చెప్పగలరా?

జవాబు 1

ఎఫ్‌హెచ్ఎస్ ఇక్కడ వెసులుబాటు ఇచ్చి వదిలేసిందండీ. 64 బిట్ లైబ్రరీలకు ఫెడోరా /యూఎస్ఆర్/లిబ్64 ఎంచుకుంది, డెబియన్ /యూఎస్ఆర్/లిబ్/ఎక్స్86_64-లినక్స్-గ్నూ ఎంచుకుంది. ఫెడోరా పీకేజీ-కాన్ఫిగ్ చూసేది లిబ్64, షేర్ కింది పీకేజీకాన్ఫిగ్ ఫోల్డర్లే. మీ ఫైలు వాటిలో లేదు.

దారి చేత్తో రాయకండి. సీమేక్‌లో గ్నూఇన్‌స్టాల్‌డిర్స్ మాడ్యూల్ చేర్చి, లైబ్రరీల చోటు చెప్పే లిబ్‌డిర్ వేరియబుల్ వాడండి. ప్రిఫిక్స్ (దారుల ముందు చేరే మూల ఫోల్డర్) /యూఎస్ఆర్ అని కాన్ఫిగర్ చేసేటప్పుడే ఇవ్వాలి. ఇన్‌స్టాల్ దశలో మారిస్తే, కంపైల్ అయినప్పుడు బైనరీలోకి వెళ్ళిన పాత దారులు అలాగే ఉండిపోతాయి.

ఎక్కువమంది పడే గొయ్యి ఇంకొకటి: కాన్ఫిగ్ ఫైళ్ళ చోటు చెప్పే సిస్‌కాన్ఫ్‌డిర్ మామూలు వేరియబుల్ విలువ ఉత్త "ఈటీసీ". ప్రిఫిక్స్ ముందు చేరి కాన్ఫిగ్ కాస్తా /యూఎస్ఆర్/ఈటీసీ లోకి పోతుంది. పేరులో ఫుల్ అని ఉన్న వేరియబుల్ వాడితే సరిగ్గా /ఈటీసీ వస్తుంది.

డీమన్‌ను ఎలా నడపాలో సిస్టమ్‌డీ అనే సర్వీసుల నిర్వాహకుడికి చెప్పే యూనిట్ ఫైలు ఎక్కడికో పీకేజీ-కాన్ఫిగ్‌నే అడగండి: సిస్టమ్‌డీ ప్యాకేజీలో సిస్టమ్‌డీసిస్టమ్‌యూనిట్‌డిర్ అనే వేరియబుల్ ఉంది.

జవాబు 2

డాక్యుమెంట్ల సంగతి. డెబియన్‌లో ప్రతి ప్యాకేజీకీ /యూఎస్ఆర్/షేర్/డాక్/ప్యాకేజీపేరు/కాపీరైట్ ఉండి తీరాలి. ఫెడోరాలో లైసెన్సు చోటు /యూఎస్ఆర్/షేర్/లైసెన్సెస్. స్పెక్ ఫైల్లో (ఫెడోరా ప్యాకేజీ ఎలా తయారవ్వాలో చెప్పేది) దాన్ని డాక్ మాక్రోతో కాక లైసెన్స్ మాక్రోతోనే గుర్తించండి. డాక్స్ వద్దని చెప్పి ఇన్‌స్టాల్ చేస్తే ఫెడోరా ప్యాకేజీ సాధనం ఆర్‌పీఎం డాక్ గుర్తున్న ఫైళ్ళన్నీ వదిలేస్తుంది, లైసెన్సు మాత్రం ఉంచుతుంది. మ్యాన్ పేజీలు రెండిట్లోనూ /యూఎస్ఆర్/షేర్/మ్యాన్ కిందే. గ్జిప్ మీరు చేయకండి, ప్యాకేజింగ్ సాధనాలే చూసుకుంటాయి.

ప్రశ్న అడిగినవారు

నమూనా కాన్ఫిగ్ డాక్ ఫోల్డర్‌లోనే ఉంది, ఈటీసీలో ఏమీ లేకపోతే డీమన్ దాన్నే చదువుతుంది. పర్వాలేదా?

జవాబు 2

తప్పండీ, ముందు అది మార్చండి. డాక్ ఫోల్డర్ లేకపోయినా ప్రోగ్రామ్ నడవాలని డెబియన్ పాలసీ స్పష్టంగా అంటుంది. డెబియన్ స్లిమ్ కంటైనర్ ఇమేజ్‌లలో కాపీరైట్ తప్ప ఆ ఫోల్డర్ ఫైళ్ళు రావు, అక్కడ డీమన్ లేవదు. ప్రోగ్రామ్ చదివే డిఫాల్టు /యూఎస్ఆర్/షేర్/ప్యాకేజీపేరు లో పెట్టి, /ఈటీసీలో ఫైలుంటే దానికే ప్రాధాన్యం ఇవ్వండి.

జవాబు 1

సరిచూడటానికి: ఇన్‌స్టాల్‌ను వేరే చోటికి మళ్ళించే డెస్ట్‌డిర్‌ను ఖాళీ ఫోల్డర్‌కి సెట్ చేసి సీమేక్ ఇన్‌స్టాల్ నడపండి, ఫైండ్‌తో జాబితా తీయండి. ఇదే డెబియన్, ఫెడోరా కంటైనర్లలో చేసి రెండు జాబితాలకూ డిఫ్ పెట్టండి. లిబ్‌డిర్ కింది తేడాలు సహజమే. /యూఎస్ఆర్/ఈటీసీ గానీ /యూఎస్ఆర్/లోకల్ (ప్రిఫిక్స్ ఇవ్వనప్పుడు సీమేక్ వాడేది) గానీ కనిపిస్తే పైన చెప్పిన రెండు తప్పుల్లో ఒకటి ఇంకా మిగిలి ఉన్నట్టే.