మహబూబ్‌నగర్‌లో ఇళ్ల కాంట్రాక్టు పనులకు లైసెన్సు కావాలా?

పదేళ్లుగా మేస్త్రీగా పని చేస్తున్నాను. ఇప్పుడు 200 గజాల స్థలంలో రెండంతస్తుల ఇంటిని మెటీరియల్‌తో సహా కట్టి ఇవ్వమని ఒకరు అడుగుతున్నారు. నాకు లైసెన్సు ఉండాలా? అనుమతి ఎవరి పేరున తీసుకోవాలి?

మొదటి జవాబు: అన్నగారూ, క్లాసులవారీగా కాంట్రాక్టరు రిజిస్ట్రేషన్ అడిగేది ప్రభుత్వ టెండర్లకు. ప్రైవేటు ఇంటికి అనుమతి యజమాని పేరుననే వస్తుంది. 2020 నాటి టీఎస్ బీపాస్ (తెలంగాణ భవన అనుమతుల) చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లలోపు స్థలంలో, 10 మీటర్లలోపు ఎత్తున్న ఇంటికి స్వీయ ధ్రువీకరణతోనే అనుమతి లభిస్తుంది కాబట్టి మీ పని అందులోకే వస్తుంది. అయితే ప్లానుకు భిన్నంగా ఒక్క అడుగు ముందుకు జరిపినా కూల్చివేత దాకా వెళ్లవచ్చు; ముగ్గు పోసేనాడే సెట్‌బ్యాకులను (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీని) టేపుతో కొలిచి, యజమానికి చూపించి, ఫొటోలు తీసి పెట్టుకోండి.

రెండో జవాబు: ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు, మెటీరియల్‌తో కలిపి చేసే పనికి పన్ను 18 శాతం. చదరపు అడుగు రేటు చెప్పేటప్పుడే అది కలిపారో లేదో కాగితం మీద రాయండి. నేను నోటిమాట మీద ఒప్పుకున్న ఇంటికి, స్లాబు వేసే నాటికి స్టీలు ధర పెరిగి, ఆ తేడా అంతా నా కూలిలోంచే పోయింది. సిమెంటుపై పన్ను 2025 సెప్టెంబరులో 28 నుంచి 18 శాతానికి తగ్గింది కనుక పాత కొటేషన్లు పనికిరావు.

అడిగినవారు: ధన్యవాదాలు. రేపే యజమానితో కూర్చుని ఒప్పందం రాయిస్తాను.