పది కుటుంబాలు కలిసి క్యాంపింగ్‌కి వెళ్తే పిల్లలకు అడవి తెలుస్తుందా?

హెర్న్‌డన్ నాన్న:
లాంగ్ వీకెండ్ దగ్గర పడేసరికి మా వాట్సాప్ గ్రూపులో మళ్లీ వర్జీనియాలోని షెనన్‌డోవా నేషనల్ పార్క్ మాట మొదలైంది. పది కుటుంబాలు, పక్కపక్క సైట్లు, రెండు రాత్రులు. ఈసారి మేము రామని చెప్పాను. కొందరు నొచ్చుకున్నారు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను. పిల్లల కోసమే వెళ్తున్నామని అంటాం కదా, అంతమందిమి కలిసి వెళ్తే పిల్లలకు దక్కేదేమిటి?

నేను చూసింది చెబుతాను. అందరూ ఒకేసారి బయల్దేరాలి కాబట్టి శుక్రవారం చీకటి పడ్డాకే చేరతాం. కారు హెడ్‌లైట్ల వెలుగులో టెంట్లు వేస్తాం. శనివారం టిఫిన్లు అయ్యేసరికి పదకొండు. అప్పుడు కార్లన్నీ డార్క్ హాలో ఫాల్స్ అనే జలపాతానికి. ఆ సమయానికి అక్కడ పార్కింగ్ ఎక్కడుంటుంది? ఆ దారి రానూ పోనూ మైలున్నర కూడా లేదు, కానీ ముందు దిగుడు, తర్వాత ఎక్కుడు. దిగేటప్పుడు పరుగులు తీసిన పిల్లలే ఎక్కేటప్పుడు ఏడుస్తారు. ఒక్క కుటుంబమే ఉంటే వాగు పక్కన కూర్చోబెట్టి, నీళ్లు తాగించి, నాచు పట్టిన రాయిని తాకి చూడమంటాం. పాతికమంది ఉంటే ముందువాళ్లు ఆగరు, వెనకబడ్డ పిల్లను భుజాన వేసుకుని నడవడమే.

ఈ పార్కులో మూడు శిఖరాల మీద తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా బతకని ఒక సాలమాండర్, అంటే బల్లిలా కనిపించే ఉభయచరం, ఉంది. ఇలాంటివి పిల్లలకు రేంజర్లు ఎంతో ఓపికగా చెబుతారు. ఆ సమయంలో మనం బిర్యానీ ట్రే వేడి చేస్తూ ఉంటాం. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా నిశ్శబ్దం పాటించాలని నియమం. పదిన్నరకి రేంజర్ వచ్చి స్పీకర్ ఆపమంటే, అవతలి టెంటులో పసిపిల్లతో ఉన్న తల్లి ముఖం చూడలేకపోయాను.

నా మాట ఒక్కటే: రెండు కుటుంబాలు చాలు. అంతకు మించితే అది పిక్నిక్ అవుతుంది. దానికి ఊళ్లో పార్కులున్నాయి.

ఆష్‌బర్న్ అమ్మ:
మీరు చెప్పిన స్పీకర్ సంగతి నేనూ సమర్థించను. కానీ రెండు కుటుంబాలు చాలు అనేది అన్నీ తెలిసినవాళ్ల మాటండీ.

మేము ఈ దేశం వచ్చిన కొత్తలో అడవిలో పడుకోవడమంటేనే భయం. మా ఇద్దరిలో ఎవరికీ టెంట్ కట్టడం రాదు. గ్రూపులో ఒకరు టెంట్ ఇచ్చారు, ఇంకొకరు స్లీపింగ్ బ్యాగులు ఇచ్చారు. ఎలుగుబంట్లు తిరిగే చోట తిండి టెంటులో పెట్టకూడదని, టూత్‌పేస్ట్ కూడా కారులోనో ఇనప పెట్టెలోనో పెట్టి మూయాలని అక్కడే నేర్చుకున్నాం. ఆ గుంపే లేకపోతే మా పిల్లలు అడవి మొహం చూసేవాళ్లు కాదు.

ఇంకో సంగతి. ఇంట్లో ఇంగ్లీషులో తప్ప జవాబు చెప్పని నా కొడుకు అక్కడ పెద్దపిల్లల వెంట తిరుగుతూ రెండు రోజులు తెలుగులోనే మాట్లాడాడు. పిల్లకి అడవి ఎంత అవసరమో తోటి పిల్లలూ అంతే అవసరం. మీకు అది చిన్న విషయంలా కనిపిస్తోందేమో, నాకు కాదు.

స్టెర్లింగ్ నుంచి:
ఇద్దరూ వంట మాట ఎత్తలేదు, అది నేను చెబుతాను. గుంపు క్యాంపింగ్‌లో ఆడవాళ్లు కొండ ఎక్కడం నేను పెద్దగా చూడలేదు. దోశెల పిండి కూలర్‌లో వేసుకుని వెళ్తాం. రెండు బర్నర్ల స్టవ్ మీద నలభైమందికి దోశెలు. మొదటివాళ్లు తిని ట్రెయిల్‌కి వెళ్తారు, చివరివాళ్లు తినేసరికి మధ్యాహ్నం వంట. జిడ్డు గిన్నెలు కుళాయి దగ్గర కడగకూడదు, ఆ నీళ్లు చెప్పిన చోటే పారబోయాలి. ఆ పనీ మాదే. నా కూతురు "అమ్మా, నువ్వు రావా?" అని రెండుసార్లు అడిగి, మూడోసారి అడగడం మానేసింది.

కాబట్టి ఎన్ని కుటుంబాలనేది తర్వాత. పులిహోర, పెరుగన్నం, ఆవకాయ, అరటిపళ్లు తీసుకెళ్దాం. రెండో రోజుకి బ్రెడ్, గుడ్లు. ఆకలికి సరిపోతుంది. అలా అయితే పది కుటుంబాలైనా వస్తాను. ట్రేలు, దోశెలు అంటే రెండు కుటుంబాలకైనా రాను.

నల్గొండ నుంచి వచ్చిన తాతయ్య:
అబ్బాయి దగ్గర ఉండటానికి వచ్చాను. చదువుతుంటే నాకూ చెప్పాలనిపించింది.

మా పిల్లల్ని అలిపిరి మెట్ల మీదుగా తిరుమలకి నడిపించాం. మూడు వేల అయిదు వందల యాభై మెట్లు. చంటివాడు భుజాల మీద, మిగతావాళ్లు గోవింద నామాలు చెబుతూ ఎక్కారు. గుంపు లేకపోతే పిల్లలు ఎక్కేవాళ్లు కాదు. పక్కవాడు ఎక్కుతుంటే చూసి వీడూ ఎక్కుతాడు. మరి అదే దారిలో 2023 ఆగస్టులో ఆరేళ్ల పాపను చిరుత ఎత్తుకుపోయి చంపింది. ఆ తర్వాత పదిహేనేళ్ల లోపు పిల్లల్ని మధ్యాహ్నం రెండు దాటాక నడకదారిలోకి రానివ్వలేదు. అంత జనం తిరిగే దారిలోనే అలా జరిగింది. పక్కన జనం ఉన్నారని పిల్ల చెయ్యి వదలకూడదు బాబూ.

మోకాళ్ల నొప్పులున్న నాలాంటివాళ్ల కోసం ఒక మాట. ఆ షెనన్‌డోవాలో లింబర్‌లాస్ట్ అని ఒక దారి ఉంది. మైలుంపావు పైచిలుకు, చదునుగా ఉంటుంది, చక్రాల కుర్చీ కూడా పోతుంది. మనవడితో కలిసి మొత్తం తిరిగి వచ్చాను. పెద్దవాళ్లను టెంటు దగ్గర కాపలా కూర్చోబెట్టకండి.

ఫ్రెడరిక్ నుంచి:
తాతయ్య గారు చెప్పిన చెయ్యి వదలకూడదన్న మాట దగ్గర నాకు గుండె ఆగినంత పనైంది. మాతో వచ్చిన ఒక కుటుంబంలో ఐదేళ్ల బాబు క్యాంప్‌గ్రౌండ్‌లో కనపడకుండా పోయాడు. వాళ్లమ్మ అనుకుంది నాన్న దగ్గరున్నాడని, నాన్న అనుకున్నాడు పెద్దపిల్లలతో ఉన్నాడని, పెద్దపిల్లలు అనుకున్నారు టెంటులో నిద్రపోతున్నాడని. చుట్టూ ఇరవైమంది పెద్దవాళ్లం ఉన్నాం. చివరికి బాత్రూముల వెనక దొరికాడు. ఎవరో ఒకరు చూస్తున్నారులే అని అందరూ అనుకుంటే ఎవరూ చూడటం లేదన్నమాట.

అందుకని గుంపుగా వెళ్లినా సరే, ప్రతి గంటకూ ఒక పెద్దమనిషి పిల్లల బాధ్యత తీసుకోవాలి, ఆ గంటలో ఆయనకు వేరే పని ఉండకూడదు. ప్రతి పిల్ల మెడలో విజిల్. తప్పిపోతే ఉన్నచోటే నిలబడి మూడుసార్లు ఊదాలని ఇంట్లోనే నేర్పించాలి. సాయంత్రం పిడుదుల కోసం ఒళ్లంతా చూడాలి: మోకాలి వెనక, చంకల్లో, చెవుల వెనక, జుట్టు మొదళ్లలో. ఇక్కడి పిడుదుల వల్ల లైమ్ జబ్బు వస్తుంది. ఇంటి దగ్గర కొన్న కట్టెలు కూడా వెంట తేవద్దు. వేడి చేసి శుద్ధి చేసినట్టు ముద్ర ఉన్న కట్టెలనే పార్కులోకి అనుమతిస్తారు. ఆష్ చెట్లను లోపలి నుంచి తినేసే పచ్చటి పురుగు ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేరింది చాలావరకు ఆ కట్టెల్లోనే.

సైకిల్ మామ:
అసలు షెనన్‌డోవాకే ఎందుకు వెళ్లాలి? అక్కడ ట్రెయిల్స్ మీద సైకిళ్లు నిషిద్ధం. పార్కు పొడవునా సాగే స్కైలైన్ డ్రైవ్ మీద తొక్కవచ్చు, కానీ నూట అయిదు మైళ్ల ఆ రోడ్డు కార్లతో, మలుపులతో పిల్లలకు పనికిరాదు.

సీ అండ్ ఓ (చెసాపీక్ అండ్ ఒహాయో) అనే పాత పడవల కాలువ గట్టు మీదకి రండి. జార్జ్‌టౌన్ నుంచి కంబర్‌లాండ్ దాకా 184.5 మైళ్లు. ఒకప్పుడు కంచర గాడిదలు పడవలను లాగుతూ నడిచిన దారి కాబట్టి ఎత్తుపల్లాలు దాదాపు ఉండవు. కొన్ని మైళ్లకొకటి చొప్పున నడిచేవాళ్లకీ సైకిళ్ల మీద వచ్చేవాళ్లకీ చిన్న క్యాంప్ సైట్లున్నాయి. డబ్బు కట్టనక్కర్లేదు, ముందు వచ్చినవారిదే సైటు, ఒక్క రాత్రే ఉండాలి. బల్ల, పొయ్యి, చేతి పంపు, మరుగుదొడ్డి. పది కుటుంబాలు పట్టవు. కాబట్టి ఇక్కడ మీ వాదన దానంతట అదే తేలిపోతుంది.

ఆ కాలువ దారిలోనే ఉన్న పా పా సొరంగం చూడాలి. 3,118 అడుగుల పొడవు, లోపల దీపాల్లేవు. సైకిల్ దిగి నడిపించుకుంటూ పోవాలి. పక్కన చెక్క కమ్మీ ఉంటుంది, దాని మీద చెయ్యి ఆనించి నడిస్తే పాత తాళ్లు ఒరుసుకున్న గాడులు వేళ్లకు తగులుతాయి. పైనుంచి నీటి చుక్కలు పడుతుంటాయి. మా అమ్మాయి టార్చ్ పట్టుకుని ముందు నడిచింది. నన్ను టార్చ్ వెలిగించనివ్వలేదు, వెలుతురు తనదే ఉండాలట. పక్కన ఇంకో పదిమంది టార్చ్‌లు ఉంటే ఆ పిల్లకు ఆ ధైర్యం వచ్చే అవకాశమే ఉండేది కాదు. ముందుగా మన ఊళ్ల దగ్గరున్న డబ్ల్యూ అండ్ ఓడీ అనే సైకిల్ దారి మీద అలవాటు చేయించండి. హెర్న్‌డన్, ఆష్‌బర్న్ రెండింటి మీదుగానూ పోతుంది కదా, మొత్తం తారు దారే.

హెర్న్‌డన్ నాన్న:
మామా, ఆ టార్చ్ సంగతే నేను చెప్పాలనుకున్నది. ఆష్‌బర్న్ అక్కా, తెలుగు మాటల గురించి మీరు రాసింది నాకూ ముఖ్యమే. కానీ పిల్లలు కలిసి ఆడుకోవడానికి ప్రతి వారం పుట్టినరోజు పార్టీలున్నాయి. రాత్రి నక్షత్రాల కింద భయపడి, అమ్మానాన్నల మధ్య ముడుచుకుని, పొద్దున లేచి లేళ్లను చూసే అవకాశం ఏడాదికి ఎన్నిసార్లు వస్తుంది? నాలుగో తరగతి పిల్లలకు ఏడాది పాటు దేశంలోని నేషనల్ పార్కులన్నింటికీ కుటుంబంతో సహా ప్రవేశ రుసుము లేకుండా పాస్ ఇస్తారు. మా పెద్దవాడికి ఈ ఏడాదే వచ్చింది. దాన్ని గుంపుతో ఖర్చు చేయడం నాకు ఇష్టం లేదు.

ఆష్‌బర్న్ అమ్మ:
పుట్టినరోజు పార్టీలో పిల్లలు రెండు గంటలుంటారు, ఇంగ్లీషులోనే ఉంటారు. ఆ పోలిక నేను ఒప్పుకోను.

సరే, మీ దారికే వస్తాను, ఒక షరతు మీద. నిరుడు ఈ దేశానికి కొత్తగా వచ్చిన కుటుంబాలు మా అపార్ట్‌మెంట్లలోనే ఉన్నాయి. ఎవరి దగ్గరా టెంట్ లేదు, అడిగేందుకు మొహమాటం. తెలిసినవాళ్లంతా ఇద్దరిద్దరుగా వెళ్లిపోతే వాళ్లని ఎవరు తీసుకెళ్తారు? మీ రెండో కుటుంబం ప్రతిసారీ కొత్తవాళ్లే అవుతారా?

హెర్న్‌డన్ నాన్న:
అవుతారు. అక్టోబరులో షెనన్‌డోవాలోనే ఉన్న లాఫ్ట్ మౌంటెన్ క్యాంప్‌గ్రౌండ్‌కి వెళ్దామనుకుంటున్నాం. టెంట్ ఇంకొకటి నా దగ్గరుంది. బట్టలు మాత్రం మందంగా తెచ్చుకోమనండి, కింద ఊళ్లకంటే కొండ మీద పది డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా తక్కువ ఉంటుంది. పేర్లు పంపండి.

స్టెర్లింగ్ నుంచి:
పేర్లతో పాటు ఏ పూట స్టవ్ దగ్గర ఎవరుంటారో కూడా ముందే రాయండి. శనివారం పొద్దున నేను ఆ పార్కులోని స్టోనీ మ్యాన్ శిఖరం ఎక్కుతున్నాను, కూతురితో.